పెంటవ్వ పేరు మార్చను

కథ రాసేటాయనకు పాత్రకు పేరు పెట్టుడు రెండు నిమిషాల పని. ఆ పేరుతోటి ఊళ్లె బతికేటోళ్లకు అది నూరేళ్ల ముచ్చట. తెలుగు కథల్లోకి మా పేర్లు ఎవరి నోటినుంచి వచ్చినయో తిరిగి చూడాల్సిన పని మా మీద ఉన్నది.

మా ధర్మపురికి పెద్ద దేవుడు నరసింహుడు. శేషప్ప కవి నరసింహ శతకం చెప్పింది ఈ దేవునికే. ఆ ఒక్క దేవుని పేరు గోదావరి ఒడ్డునుంచి మా వాడదాకా వచ్చేసరికి ఎన్ని తీర్లు మారుతదో చూడండి. గుడి దగ్గర నరసింహశర్మ, నరసింహాచారి. పటేలింట్ల నర్సింహారెడ్డి. మా వాడల నర్సయ్య. ఆ నర్సయ్యే పొలంగట్టు మీద దొర పిలిస్తే 'నర్సిగా'. దేవుడు మారలేదు, తోక మారింది. శూద్రుని పేరు ఏవగింపు పుట్టించేదిగా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయంలనే రాసిపెట్టింది. శూద్రులకే అట్ల రాసినోడు, వర్ణాల బయట నిలబెట్టిన మాకు ఏం మిగులుస్తడు?

1922లో అచ్చయిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' మా వాడను తెలుగు నవల నడిమధ్యకు తెచ్చింది. సర్కారు నిషేధానికి గురైంది. ఆ రుణాన్ని నేను కాదనను. అయినా పేర్లు చూడండి: రామదాసు, వెంకటదాసు, సంగదాసు. మాలల్లో దాసరులున్నరు, దాసు పేర్లున్నయి. ఉన్నవ అబద్ధం రాయలేదు. కానీ అదే వెంకటదాసు తిరగబడి ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచేనాటికి తక్కెళ్ల జగ్గడు అయితడు. ఒదిగి ఉంటే దాసు, ఎదురు తిరిగితే 'డు'!

హిందీలో ప్రేంచంద్ 'సద్గతి' రాసిండు. 1981లో సత్యజిత్ రే దాన్ని సినిమా తీసిండు. అందులో పండితుని ఇంట్ల ఆకలితోటి మొద్దు కొట్టి కొట్టి చచ్చిపోయే చమార్ పేరు దుఖీ. కథ మొదలు కాకముందే పేరు ఆయన చావును చెప్పేసింది. ఆ కథ చదివి నేను ఏడ్సిన. ఏడుపుతోపాటు ఒక అనుమానం కూడా పుట్టింది. దుఃఖం తప్ప ఇంకేం లేని మనిషిని మా వాడల నేనెప్పుడూ చూడలేదు.

పేరుకన్నా పెద్ద మోసం దాని వెనుక వచ్చే మాటలో ఉంటది. ఎన్నో కథల్లో 'రెడ్డిగారు వచ్చారు', 'నర్సిగాడు వచ్చాడు' అని ఒకే వాక్యంలో కనబడుతది. ఆమెకు 'ఆమె', మా అవ్వకు 'అది'. పాత్ర నోట్లె ఆ మాట ఉంటే అది ఊరి నిజం. కథ చెప్పే గొంతులో ఉంటే అది రచయిత కులం. విమర్శకులు శిల్పం గురించి పేజీలకు పేజీలు రాసిన్రు గాని, ఈ 'వాడు', 'అది' దగ్గర ఆగినోళ్లు తక్కువ.

మావాళ్లు పేరును తిరిగి గుంజుకున్న చరిత్ర ఉన్నది. మాదరి భాగయ్య భాగ్యరెడ్డి అయిండు. 1913లో ఆర్యసమాజం ఇచ్చిన 'వర్మ' కలిసి భాగ్యరెడ్డివర్మ అయిండు. 1917లో బెజవాడ సభకు ఆయనే అధ్యక్షుడు. 'పంచములు' అనే మాటను తోసేసి 'ఆది ఆంధ్రులు' అని పిలుచుకున్నది ఆ సభలోనే. పెద్దకులాల తోకను తెచ్చుకొని తగిలించుకునుడు ఆ కాలం పోరాటం. నేను తప్పుపట్టను. కానీ కథ రాసేటప్పుడు నాకు ఆ తొవ్వ సరిపోదు.

ఎందుకంటే, నా కథల ఒక పెంటవ్వ ఉన్నది. ఒక పత్రిక ఆ కథ బాగుందని మెచ్చుకొని, పేరు మాత్రం పద్మ అనో పంకజ అనో మార్చుమని ఉత్తరం రాసింది. 'పాఠకులకు ఎబ్బెట్టుగా ఉంటుంది' అన్నరు. పంకజ అంటే బురదల పుట్టింది అనే గదా అర్థం! సంస్కృతంల బురద పేరైతది గాని, తెలుగుల పెంట పేరు కాదా?

పెంటవ్వ పేరు ఎట్ల వచ్చిందో వాళ్లకు తెల్వదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పండబెట్టి, ఇంకొకరితోటి ఎత్తించి తెచ్చుకునేటోళ్లు. ఇది పారేసిన పిల్ల, దీంతోటి నీకేం పని అని సావును నమ్మించుడు. ఆ పేరు అసహ్యం కాదు. దవాఖాన లేని తల్లి ఆడిన కొట్లాట. మనువు ఏవగింపు కోసం చెప్పిన పేరును మా తల్లులు ప్రాణం కాపాడే మంత్రం చేసిన్రు. దుఖీ పేరు సావుకు తొవ్వ చూపింది. పెంటవ్వ పేరు సావును వాకిట్ల నుంచే ఎల్లగొట్టింది.

అందుకే పేరు మార్చలేదు. కథ ఆ పత్రికల రాలేదు.

2000లో వేముల ఎల్లయ్య నవల 'కక్క' అని పేరు పెట్టుకొని వచ్చినప్పుడు నాకు ధైర్యమైంది. సంస్కృతం అద్దకుండనే మా పేరు అట్టమీద నిలబడ్డది.

ఇప్పుడు మా వాడల పిల్లలకు సిద్ధార్థ, ప్రజ్ఞ, భీమ్‌రావు అని పెట్టుకుంటున్నరు. మంచిదే. పెంటవ్వ మనుమరాలు ప్రజ్ఞ అయితే ఆ కథ గూడా రాస్త. కొత్తగ రాసేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పేరు పెట్టంగనే ఆగకండి. ఆ పేరును ఎవరు ఎట్ల పిలుస్తరో గూడా రాయండి. దొర నోట్లె 'పెంటి' అని రాయండి, అది దొర బుద్ధి. మీ వాక్యంలో మాత్రం 'పెంటవ్వ వచ్చింది, ఆమె కూసున్నది' అని రాయండి.