తగ్గింపు ఎవరికి బోధిస్తున్నాం?

గుడివాడ నుంచి బందరు దాకా రోడ్డు పక్క పల్లెల్లో ఆదివారం చర్చికి వెళ్తే మాటిమాటికీ వినబడే మాట: తగ్గింపు. సేవకుడికి తగ్గింపు వుండాలి, గర్వం పనికిరాదు, భయపడకూడదు. మాట మంచిదే. వినేవాళ్లెవరు? కామందు ఎదురైతే చెప్పులు చేతబట్టుకొని పక్కకు తప్పుకున్నవాళ్ల పిల్లలు, మనవలు. "తగ్గి వుండు" అని బైబిలు రాకముందే ఊరు వాళ్లకు నేర్పింది. అదే మాటను ప్రసంగవేదిక మీంచి ఏ అర్థంలో చెబుతున్నామో తేల్చుకోకపోతే సువార్త కాస్తా కామందు మాటకు వంతపాట అవుతుంది.

మిషనరీల జీవితచరిత్రలు యీ తగ్గింపును ఎలా చూపించాయి? 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు వచ్చారు. ఫాక్స్ బజార్లలో, పల్లెల్లో తిరిగి బోధించాడు, ఏడేళ్లకే చనిపోయాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. నోబుల్ కాలేజీ దానినుంచే పెరిగింది. ఆయన పోయిన రెండేళ్లకు, 1867లో, జాన్ నోబుల్ రాసిన జీవితచరిత్ర అచ్చయింది. రాబర్ట్ పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లండుకు ఒక్కసారీ తిరిగి వెళ్లలేదు. 1865లో బందరులోనే కన్నుమూశాడు. వ్యక్తిగా నిరాడంబరుడు, అందులో మాకు అనుమానం లేదు.

కాని ఆ బడిలో మాల, మాదిగ పిల్లలకు చోటు లేదు. అది ఏమరుపాటు కాదు, ఆలోచించి పెట్టుకున్న నియమం. పైకులాలు ముందు మారితే కిందికి అదే దిగుతుందని లెక్క. దీన్ని సమర్థించుకోడానికి ఆయన చెప్పిన వాదన సారాంశం యిది: మా ఇంటి పనిమనిషినీ వంటమనిషినీ గుర్రపువాణ్ణీ నా అక్కచెల్లెళ్ల పక్కన ఒకే తరగతిలో కూర్చోబెట్టమని క్రైస్తవం నన్ను అడగదు, నన్ను అడగనిదాన్ని బ్రాహ్మణుల్ని ఎందుకు అడగాలి?

ఇక్కడ కాసేపు ఆగాలి. ఇంగ్లండు దొరల వర్గ గర్వం, కృష్ణా డెల్టా కుల గర్వం చేతులు కలిపింది యీ వాక్యంలోనే. దళిత పిల్ల ఆయన ఊహలో విద్యార్థి కాదు, పనిమనిషి. గర్వం అడుగున భయం కూడా వుంది: అంటరానివాణ్ణి చేర్చుకుంటే బ్రాహ్మల పిల్లలు లేచిపోతారు, బడి పోతుంది. ఆ భయం ఎంత నిజమో 1852 తేల్చింది. మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు పైకులాల విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించారు. ఒక్క దళిత పిల్లవాడు గడప తొక్కకుండానే బడి ఖాళీ అయింది! తర్వాత మళ్లీ నిండింది కూడా. మరి ఆ నియమం కాపాడింది దేన్ని?

పైనుంచి దిగుతుందన్నది దిగలేదు. 1859లో జిల్లా పడమట రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల మనిషి డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందాడు. దోపిడీ దళానికి నాయకుడని పేరున్నవాడు. ఏ బడిమెట్టూ ఎక్కకుండా, తనంతట తాను దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. డెల్టా క్రైస్తవ సంఘం ఆయన వెనక నడిచినవాళ్లతో పెరిగిందే తప్ప నోబుల్ లెక్క ప్రకారం పెరగలేదు.

త్యాగం వేరు, తగ్గింపు వేరు. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య దొరల ముఖానే చెప్పింది అదే: మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులు కావాలి. రెండేళ్లకు ఆయన దోర్నకల్ బిషప్పయ్యాడు. బందరు ప్రాంతం కూడా తర్వాత ఆ అధ్యక్షమండలంలో కలిసింది. ప్రాణమివ్వడం కన్నా పక్కన కూర్చోనివ్వడం కష్టమని దొరలకు చెప్పడానికి ఒక గ్రామ పాస్టరు కొడుకు కావలసివచ్చింది.

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం మీద ప్రసంగాలకు కొదవ లేదు. అక్కడ తన్ను తాను తగ్గించుకున్నది ఎవరు? దేవునితో సమానుడు. ఎత్తున వున్నవాడు దిగాడు. అప్పటికే తొక్కబడినవాణ్ణి ఇంకా దిగమని పౌలు చెప్పలేదు. ఆ అధ్యాయాన్ని కూలిమనిషికి కాదు, బిషప్పుకు, సంఘం ఆస్తులు చూసే పెద్దలకు, కారు దిగేదాకా జనాన్ని ఎండలో నిలబెట్టే అయ్యగారికి చదివి వినిపించాలి. మనకూ వినిపించాలి. మాదిగలు సంఘంలోకి వస్తామంటే మాల క్రైస్తవులు అడ్డుపడిన సంగతి మిషన్ చరిత్రలోనే వుంది. ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగడానికి వెనకాడినవాళ్లు నోబుల్ని తప్పుపట్టే అర్హత ఎక్కడ సంపాదిస్తారు?

భయం సంగతి మరోరకం. భయాన్ని అవిశ్వాసమని గద్దించడం మన వేదికల మీద అలవాటైపోయింది. భయానికి చట్టం కూడా కారణమని చెప్పేవాళ్లు తక్కువ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా యిచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. రాష్ట్రంలో వాళ్లకు బి.సి.-సి కింద దక్కింది ఒక శాతం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాళ్లకు ఎస్సీ హోదా వుండదు కాబట్టి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఒక కేసు కొట్టేసింది. తనను కులం పేరుతో తిట్టి కొట్టారని ఆ కేసు పెట్టినాయన పాస్టరు.

బాప్తిస్మం పేరు ఒకటి, సర్టిఫికెట్టు పేరు ఒకటి పెట్టుకొని బతికే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో వున్నాయి. పిల్లవాణ్ణి కాలేజీలో చేర్చేటప్పుడు మతం గడిలో ఏం రాయాలని తల్లి వచ్చి అడిగితే, భయపడకు తల్లీ అని ప్రార్థన చేసి పంపేస్తున్నారు. ఆమె అడిగింది ప్రార్థన కాదు.