జీలకర్ర ముందు పడింది

"ఏందయ్యా, జీలకర్ర ముందు ఏసినవా?"

వరండాలో మంచం మీద కూర్చున్న మా ఇంటామె మాట ఇది. నేను వంటింట్లో ఉన్నాను. మధ్యలో రెండు గోడలు, ఒక తలుపు. ఆమె నన్ను చూడలేదు, మూకుడునూ చూడలేదు. ఆవాలు చిటపటమన్న చప్పుడు వినపడకముందే జీలకర్ర వాసన వరండా దాకా వచ్చింది. నేరం రుజువు కావడానికి అది చాలు.

మోకాళ్ల నొప్పులతో ఆమె పొయ్యి దగ్గర నిలబడలేకపోవడంతో రెండేళ్ల కింద వంట నా చేతికొచ్చింది. మణుగూరు ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపి నడిపి రిటైరై, పినపాకలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. అరవై టన్నులు మోసే బండిని రివర్సులో డంపు అంచు దాకా తీసుకుపోయి ఆపడం వచ్చు. చిటికెడు జీలకర్రను దాని వేళకు వేయడం మాత్రం రాలేదు.

రాలేదంటే తెలియక కాదు. నూనె బాగా కాగితేనే ఆవాలు పేలతాయి. గింజ లోపలున్న కాస్త తడి ఆవిరై పొట్టును చీల్చుకొస్తే వచ్చే చప్పుడది. జీలకర్రకు అంత వేడి అక్కర్లేదు, నాలుగు క్షణాల్లో వేగిపోతుంది. ముందే పడిందా, ఆవాలు పేలేసరికి అది బొగ్గు. మెంతులైతే మరీ పెంకివి: ఎర్రబడితే కమ్మదనం, ఇంకొక్క క్షణం దాటితే గిన్నెడు పులుసూ చేదు. ఇవన్నీ నోటికి అప్పజెప్పగలను. కానీ ఆవాలు వేశాక అవి పేలేదాకా ఊరికే నిలబడాలి కదా, ఆ పది పదిహేను క్షణాలు ఉండబట్టదు. చెయ్యి దానంతటదే పక్క డబ్బా మీదికి పోతుంది.

డ్యూటీలో లాగ్‌బుక్కు రాసిన అలవాటు పోక, పొయ్యి పక్కన మేకుకు ఒక నోటుబుక్కు కట్టాను. ఏ రోజు ఏం చెడిందో ఒక్క లైను. ఆరు నెలల తర్వాత తిరగేస్తే నాకే నవ్వొచ్చింది. కొత్త తప్పు నెలకొకటి కూడా లేదు. అవే అయిదారు మళ్లీ మళ్లీ, మస్టర్ పడినట్టు వరసగా. "రాసుకుంటే పోతయా? రాసుకుని మళ్లా అదే చేస్తున్నవ్" అంది మా ఇంటామె. ఆ మాట దగ్గరే నా ఆలోచన మొదలైంది. తెలిసిన తప్పు మళ్లీ ఎందుకు చేస్తాం?

నోటుబుక్కులో జీలకర్ర తర్వాతి స్థానం అన్నానిది. 2025 ఉగాది నాడు రాష్ట్రంలో రేషన్ మీద సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. అప్పటిదాకా దొడ్డు బియ్యానికి గ్లాసుకు ఇన్ని నీళ్లని అలవాటు పడ్డ చేతులు సన్నబియ్యానికీ అన్నే పోశాయి. మా వీధిలో ఆ నెల చాలా ఇళ్లలో అన్నం ముద్దయింది. నేను నవ్వాను. మరుసటి వారం మా బామ్మర్ది తన పొలంలో పండిన వడ్లు మర పట్టించి బస్తా పంపాడు. కోసి నెల కూడా కాని పంట. నేను పాత బియ్యం లెక్కన నీళ్లు పోశాను. వీధిలో వాళ్లది ముద్దయితే, మాది సంగటి. ఏడాది నిలవున్న బియ్యం నీళ్లు బాగా తాగుతుంది, మెతుకు మెతుకూ విడిగా ఉంటుంది. కొత్త బియ్యం తక్కువ నీళ్లకే జిగురు కడుతుంది. గ్లాసు అదే గ్లాసు, మారింది బియ్యం. ఈ సంగతి నాకు బస్తా విప్పేటప్పుడే తెలుసు. బియ్యం కడిగేటప్పుడూ తెలుసు. నీళ్లు పోసేటప్పుడు మాత్రం చెయ్యి నన్ను అడగలేదు.

ఉప్పుదీ ఇదే కథ. మా అమ్మ దొడ్డుప్పు చేత్తో వేసేది. నేను ఆమె చెయ్యిని చూసి నేర్చుకుని, ప్యాకెట్ ఉప్పు వేస్తాను. గళ్ల మధ్య గాలి ఉంటుంది, పొడిలో అంత ఉండదు. అంతే గుప్పెట్లో మెత్తటి ఉప్పు ఎక్కువ తూగుతుంది. ఇక ఉప్పెక్కువైన పులుసులో ఆలుగడ్డ ముక్క వేస్తే ఉప్పు లాగేస్తుందని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆలుగడ్డ ఉప్పును ఏరుకుని తినదు. అది తాగేది పులుసును, ఆ పులుసులో ఎంత ఉప్పుంటే అంతా. గడ్డ తీసేశాక మిగిలింది అంతే ఉప్పగా ఉంటుంది, కాకపోతే కొంచెం తక్కువుంటుంది. నీళ్లో, ఉప్పు లేని పప్పో కలపడం తప్ప వేరే దారి లేదు. నేను మాత్రం మూడుసార్లు ఆలుగడ్డ వేశాను. నోటుబుక్కులో ఉంది.

కారం సంగతి చెప్పకపోతే మా జిల్లా నన్ను క్షమించదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోదావరి ఒడ్డు పొలాల్లో మిర్చి ఆరబోస్తే దారిన పోయేవాళ్లకు కూడా తుమ్ములే. ఖమ్మం మార్కెట్టుకు పేరు తెచ్చిన తేజ రకం కాయ సన్నగా అమాయకంగా కనిపిస్తుంది. ఆ కారం కొత్తగా పట్టించి, పాత డబ్బాలోని చెంచాతోనే కోడికూరలో వేశాను. ఆ రోజు మా ఇంటికొచ్చింది గుంటూరు వియ్యంకుడు. గుంటూరు మనిషి కారానికి ఏడవడం నేను కళ్లారా చూశాను. పాపం ఆయన చెంబెడు నీళ్లు తాగాడు, మంట ఇంకా ఎక్కువైంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు. నీళ్లు దాన్ని నోరంతా పులుముతాయి. మా ఇంటామె పెరుగు గిన్నె ముందు పెట్టాకే ఆయనకు మాట వచ్చింది.

అడుగంటడం గురించి నాకు పాఠం చెప్పింది మాత్రం ఒక పెళ్లిళ్ల వంటాయన. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పోయింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీళ్లు చూడటం అప్పుడే. మా మండలంలో ఏటి ఒడ్డు ఊళ్ల జనం పునరావాస శిబిరాల్లో ఉంటే సాయానికి పోయాను. కట్టెలు తడిసి ఉన్నాయి, మంట ఒక పక్కే లేస్తోంది, ఇంత పెద్ద గుండిగలో పప్పు. అడుగంటిన వాసన రాగానే నేను పెద్ద గరిటె తీసుకుని గీకబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అడుగు ముట్టకు సారూ. గీకినవంటే మాడు మొత్తం పైకొస్తది." మంట లాగేసి, పైపప్పును ఇంకో గుండిగలోకి వంచి, మాడిందాన్ని మాడినట్టే వదిలేశాడు. అంతమంది తిన్నారు, ఒక్కరూ మాడు వాసనన్నది ఎత్తలేదు. ఇంట్లో మాత్రం నేనిప్పటికీ ముందు గీకుతాను, ఆయన తర్వాత గుర్తొస్తాడు.

ఇక అడవి సంగతి. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక కోయ అక్క ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది. నా జావ ఉండలు కట్టిందని చెబితే ఆమె పగలబడి నవ్వింది. జొన్నపిండిని మరిగే నీళ్లలో గుమ్మరిస్తే పైపొర చటుక్కున ఉడికి, లోపలి పొడి పిండిని మూట కట్టేస్తుంది. ముందు చల్లనీళ్లలో కలుపుకుని పోయాలి. ఆమె చేతి జావలో ఉండ నేనెప్పుడూ చూడలేదు. "నీకెప్పుడూ తప్పు పోదా అక్కా?" అని అడిగాను. "జావకు పోద్ది, ఎందుకు పోదు? దుంపకు పోదు" అంది.

దుంప అంటే వానాకాలంలో అడవిలో తవ్వి తెచ్చే చేదు రకం. దాన్ని అట్లాగే వండుకుని తింటే ప్రాణం మీదికొస్తుంది. పలచగా కోసి, ఉడకబెట్టి, బుట్టలో పెట్టి, పారే వాగు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, విషం కొట్టుకుపోయాకే వంట. వెదురు కొమ్ములకూ అంతే, ఉడకబెట్టిన నీళ్లు పారబోయాల్సిందే. ఎన్ని రోజులు నానబెట్టాలి అంటే ఆమె లెక్క చెప్పలేదు. వాగు ఉరవడిని బట్టి, ముక్క మందాన్ని బట్టి అంది. అయిందని ఎట్లా తెలుస్తుందంటే, ముక్కను వేళ్ల మధ్య నలిపి చూపించింది. ఆ ఇంట్లో పిల్లలకు పొయ్యి ముట్టించడం రాకముందే దుంప దగ్గర తొందరపడకూడదని తెలుస్తుంది. 2024 నవంబరు మొదట్లో ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో మామిడి టెంకల జావ తాగాక కొందరు ఆడవాళ్లు చనిపోయారన్న వార్త వస్తే ఆమెకు చెప్పాను. ఆమె నోట ముందు వచ్చిన ప్రశ్న: "టెంకలు తడి ఆరకముందే దాచిన్రా?" వాళ్ల గురించి జాలి తర్వాత పడింది.

అప్పుడు నాకు గని గుర్తొచ్చింది. మొదటి షిఫ్టుకు పోతే బండి ఎక్కే ముందు బ్రేకులు, హారను, టైర్లు చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. నిన్న సాయంత్రం బాగానే ఉంది కదా అంటే కుదరదు. మా రోజుల్లో గనుల చట్టం 1952 నాటిది, బొగ్గు గనుల నిబంధనలు 1957 నాటివి, వాటిని 2017లో తిరగరాశారు. ఆ పుస్తకంలో చాలా రూళ్ల వెనక ఎవరో ఒకరి ప్రాణం ఉందని మా పాత మేస్త్రీలు అనేవాళ్లు. జీలకర్ర వెనక ఎవరి ప్రాణమూ లేదు. పోతే ఒక పూట పప్పు రుచి పోతుంది, మహా అయితే వరండాలోంచి ఒక మాట వస్తుంది. అంత చవక తప్పును దిద్దుకోవడానికి చెయ్యి ఎందుకు శ్రమపడుతుంది?

ఇంతదాకా బాగానే ఉంది. చవక తప్పులు చేసుకుంటూ నవ్వుకుంటూ బతికేయొచ్చు. చిక్కెక్కడంటే, అదే వంటింట్లో అదే పొయ్యి మీద ఖరీదైన తప్పులు కూడా ఉన్నాయి, అవి చూడ్డానికి చవకవాటిలాగే ఉంటాయి. కుక్కర్‌లో పప్పును సగానికి మించి నింపడం, మూత పెట్టే ముందు ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడకపోవడం అట్లాంటివే. పప్పు నురగ ఆ సన్న రంధ్రంలో ఇరుక్కుంటే విజిల్ రాదు, లోపల ఆవిరి పెరుగుతూ పోతుంది. రోజూ చూడం, రోజూ ఏమీ కాదు.

మొన్న సంక్రాంతికి గారెలు వేస్తున్నాను. హైదరాబాద్ నుంచి మా వాడు ఫోన్ చేశాడు. పొయ్యి సిమ్‌లో పెట్టాననే అనుకుని నాలుగడుగులు బయటికి వచ్చాను. మనవరాలి మాటలు వింటూ ఎంతసేపున్నానో తెలియదు. వెనక్కి తిరిగేసరికి మూకుడులో నూనె పొగలు కక్కి, అంటుకుంది. మంట కిటికీ చువ్వల దాకా లేస్తోంది. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తుంది. పరిగెత్తి బిందెలో చెంబు ముంచాను.

ఏటా గనిలో రక్షణ పక్షోత్సవాలు జరిగేవి. రేకు తొట్టెలో నూనె పోసి అంటించి, దూరం నుంచి దాని మీద నీళ్లు పోసి చూపించేవాళ్లు. నీళ్లు నూనె కంటే బరువు, అడుక్కి పోతాయి. అక్కడి వేడికి క్షణంలో ఆవిరవుతాయి. ఆవిరైన నీళ్లు దాదాపు 1,700 రెట్లు పెరుగుతాయి. పైనున్న మండే నూనెను అంత బలంతో ఎగజిమ్ముతాయి. నిప్పుల చెట్టు మొలిచినట్టుండేది. ముందు వరసలో నిలబడి చూసినవాణ్ణి, కొత్తగా చేరిన పిల్లలకు చెప్పినవాణ్ణి. చెంబు చేతిలో పట్టుకుని గడప దాటుతున్నాను.

"మూత!"

నడవలేని మనిషి ఎప్పుడు లేచిందో, గోడ పట్టుకుని ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. అన్నం గిన్నె మూతను మంట మీదికి పక్క నుంచి జరిపి, రెండో చేత్తో గ్యాస్ కట్టేసింది. గాలి ఆడక మంట చచ్చిపోయింది. వంటిల్లంతా నల్లటి పొగ. నా చేతిలో చెంబు అట్లాగే ఉంది. ఆమె దాన్ని చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధేసింది.

ఆమె మణికట్టు మీద నూనె చుక్కలు పడ్డాయి. పక్కింటివాళ్లు టూత్‌పేస్టు తెచ్చారు. అది పూస్తే వేడి లోపలే ఉండిపోతుందని వద్దన్నాను. ఇరవై నిమిషాలు పంపు కింద చెయ్యి పెట్టించాను. అదొక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని. గారెలు ఎవరూ తినలేదు. పిండి మరుసటి రోజుకు పులిసింది, దాన్ని అట్లు పోసుకున్నాం.

ఆ రోజు నోటుబుక్కులో రాయడానికి కూర్చుని ఏం రాయాలో తెలియక మూసేశాను. మరుసటి పొద్దున చూస్తే దాని పక్కనే ఇంకో మేకు కొట్టి ఉంది. దానికి ఆ మూత వేలాడుతోంది. ఎవరితో కొట్టించిందో అడగలేదు. గిన్నెకు వేరే మూత వాడుతున్నాం.

ఇప్పుడు నూనె పొయ్యి మీద పెట్టే ముందు ఎడమ చేత్తో ఆ మూతను ఒకసారి తాకుతాను, డ్యూటీకి పోతూ తల మీద టోపీ ఉందో లేదో తడిమి చూసుకున్నట్టు. నూనె సీసా ఆ తర్వాతే. ఫోన్ వంటింట్లోకి రాదు. కుక్కర్ మూత వెలుతురుకు పెట్టి చూడందే మూయను. ఇవి మూడూ ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు.

నిన్న సొరకాయ పప్పు. మూత తాకాను, నూనె పోశాను, కాగింది, ఆవాలు వేశాను. వరండాలోంచి వినపడింది.

"ఏందయ్యా..."