గోలీకో వేళ

బరువు తగ్గే ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోతుంది. దాని వెంట వచ్చే గోలీలు మాత్రం జీవితాంతం ఉంటాయి. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని ఉట్నూర్‌లో ఉంటున్న నాకు బాగా అర్థమైన సంగతి ఇదే. సర్జన్ చేసేది సగం పని. మిగతా సగం రోజూ ఇంట్లో మనమే చేసుకోవాలి.

"తమ్మీ, సన్నగైతివి గదా, ఇంకా ఈ గోలీలెందుకు?" అని మా వాడలో ఒక పెద్దమ్మ కనబడినప్పుడల్లా అడుగుతుంది. ఎందుకో చెబుతాను. బైపాస్‌లో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా కుదించి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి, కింది భాగాన్ని ఆ సంచికి కలుపుతారు. ఇనుము, కాల్షియం బాగా ఒంటికి పట్టేది ఆ తప్పించిన చోటే. బి12 పట్టాలంటే జీర్ణాశయంలో ఊరే ఒక పదార్థం తోడుండాలి. అదీ సరిగా అందదు. బరువు తగ్గే మరో ఆపరేషన్ అయిన స్లీవ్‌లో పేగు జోలికి పోరు. కానీ జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేస్తారు కాబట్టి లోటు అక్కడా తప్పదు. బి12 కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అది తరిగేదాకా మనకేమీ తెలియదు. అరికాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడే నాటికి నరాలు దెబ్బతిని ఉంటాయి. "మంచిగనే ఉన్న గదా" అని గోలీలు మానేసేవాళ్లకు ముప్పు ఇక్కడే.

తిన్నది ఒంటికి పట్టకపోతే ఏమవుతుందో అనుభవించి తెలుసుకున్న తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన స్ప్రూ జబ్బుతో తోబుట్టువులను పోగొట్టుకున్నారు. తానూ ఆ జబ్బు బారిన పడి, బయటపడ్డారు. పేగు పోషకాలను పీల్చుకోలేకపోవడమే స్ప్రూ. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూకు మందైంది. నేను రోజూ వేసుకునే మల్టీవిటమిన్‌లో అదీ ఉంది.

ఇక వేళల సంగతి. నా థైరాయిడ్ గోలీ పొద్దున లేవగానే పరగడుపున, మంచినీళ్లతో. చాయ్‌కు కనీసం అరగంట ఆగాలి. ఈ గోలీకి కాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్‌లతో నాలుగు గంటల ఎడం ఉండాలి. అందుకే నేను మల్టీవిటమిన్, ఐరన్ మధ్యాహ్నానికి పెట్టుకున్నాను. ఐరన్‌కు నిమ్మరసం మేలు చేస్తుంది, చాయ్ చెరుపు చేస్తుంది. తిన్న వెంటనే చాయ్ తాగే మన అలవాటు మారాల్సిందే. కాల్షియంను ఐరన్‌కు కనీసం రెండు గంటల దూరంలో, ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా విడదీసి వేసుకోవాలి. ఆమ్లం తగ్గిన కడుపుకు కాల్షియం కార్బొనేట్ కన్నా సిట్రేట్ నయం. మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి. అలాంటివాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, రక్తపరీక్ష చూపించాకే ఐరన్ మొదలుపెట్టాలి.

పాత గోలీల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఆపరేషన్ తర్వాత షుగర్, బీపీ త్వరగా తగ్గుతాయి. పాత మోతాదే వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు, సొంతంగా మానేస్తే మళ్లీ పెరగవచ్చు. మోతాదు మార్చాల్సింది డాక్టరే. స్ట్రిప్ మీద మందు పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్ అని ఉంటే అది మెల్లగా కరిగే గోలీ. మింగడం కష్టంగా ఉందని దాన్ని నూరకూడదు, విరవకూడదు. అలా చేస్తే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ఆ గోలీ మింగలేకపోతే వేరే రకం రాయమని డాక్టరును అడగాలి. వాంతులు ఆగకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. వాంతులతో బి1 లోపిస్తే మెదడుకే ప్రమాదం.

అన్నిటికన్నా నాకు భయం నొప్పుల గోలీలంటే. పత్తి ఏరే రోజుల్లో నడుం పట్టేస్తే ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మా దగ్గర మామూలే. బైపాస్ అయినవాళ్లకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి పేగు కలిపిన చోట పుండు చేయగలవు. రక్తం పోవచ్చు, పుండు తూటు పడవచ్చు. సూదిగా వేసినా ముప్పు తప్పదు, ఎందుకంటే ఆ మందు రక్తంలో కలిసి కడుపు లోపలి పొరను కాపాడే గుణాన్నే తగ్గిస్తుంది. నొప్పికి పారాసిటమాల్ చాలా వరకు సరిపోతుంది.

నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు హైదరాబాద్‌లో ఉంటారు. అర్ధరాత్రి నొప్పొస్తే చూసేది ఉట్నూర్ ఆసుపత్రిలోనో, ఆదిలాబాద్ రిమ్స్‌లోనో. అక్కడి డాక్టరుకు మన కడుపు లోపల ఏం మారిందో మనం చెబితేనే తెలుస్తుంది. అందుకే ఒక కాగితం మీద ఆపరేషన్ పేరు, తేదీ, రోజూ వేసుకునే గోలీలు, వాటి మోతాదు రాసి ఫోన్ కవర్‌లో పెట్టుకున్నాను. అన్నిటికీ పైన పెద్ద అక్షరాలతో "డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల గోలీలు, సూదులు వద్దు" అని ఉంటుంది.

ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లందరికీ నా మనవి. అలాంటి కాగితం ఇవాళే రాసుకోండి. మెడికల్ షాపులో ఏ గోలీ కొన్నా ముందు అది చూపించండి. ఒంట్లో బాగున్నా సరే, కనీసం ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పకుండా చేయించుకోండి. డాక్టరు చెప్పనిదే ఏ గోలీ మానకండి.