జెంటూ వంటింట్లో కర్రీ పాయింట్

2023 డిసెంబర్ 29న జెంటూ లినక్స్ వాళ్ళు ఒక ప్రకటన పెట్టారు: ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు ఇకమీదట మేమూ ఇస్తాం, లిబ్రేఆఫీస్, గ్నోమ్ లాంటి భారీ సరుకుతో సహా. కంప్యూటర్ల గొడవ పట్టనివాళ్ళకి ఇదీ ఒక వార్తేనా అనిపిస్తుంది. కానీ జెంటూ అంటేనే సోర్స్ కోడ్ తెచ్చుకుని, ప్రతి ప్రోగ్రామునీ మన మెషీన్ మీద మనమే వండుకోవడం. 2002లో 1.0 వచ్చినప్పటినుంచీ దాని పేరంతా అందులోనే ఉంది. (జెంటూ ఒక పెంగ్విన్ జాతి. ఒకప్పుడు దొరలు తెలుగునీ ఈ మాటతోనే పిలిచారు. 1816 నాటి క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం పేరులోనే ఆ మాట ఉంది.)

మడి చెడిపోయిందనే వాదన నాకు ఎక్కదు. ఫైర్‌ఫాక్స్ లాంటివి జెంటూలో రెడీమేడ్‌గా ఏళ్ళ తరబడి దొరుకుతూనే ఉన్నాయి. ఇంట్లో కంపైల్ చేస్తే నమ్మకం అంటారా, ఆ కోడ్ చదివేదెవరు? చదివినా, కంపైలరే మోసం చేయగలదని కెన్ థాంప్సన్ 1984లోనే చూపించాడు.

అసలు విషయం యూజ్ ఫ్లాగ్స్ దగ్గరుంది. నాకు బ్లూటూత్ వద్దు, ప్రింటర్ వద్దు అని ముందే చెప్తే, ఆ ముక్కలు లేకుండానే ప్రోగ్రాములు తయారవుతాయి. కర్రీ పాయింట్ కూరలో ఉప్పు వాళ్ళ చేతిలోనే కదా, రెడీమేడ్ ప్యాకేజీ కూడా వాళ్ళు ఎంచుకున్న ఫ్లాగ్స్‌తోనే వస్తుంది. మన ఫ్లాగ్స్ దానితో కలిస్తే డౌన్‌లోడ్ అవుతుంది, కలవకపోతే పోర్టేజ్ మామూలుగా కంపైల్ చేసుకుంటుంది. బలవంతమేమీ లేదు, అసలు మనం ఆన్ చేస్తేనే ఈ సదుపాయం. డిజైన్‌గా చూస్తే చాలా మర్యాదైన పని.

నన్ను గుచ్చేది ఆ మర్యాదే. ఇదివరకు డిఫాల్ట్ ఒప్పుకున్నవాడికీ ఒప్పుకోనివాడికీ ఒకే ఖర్చు, ఇద్దరూ గంటల కొద్దీ కూర్చోవాల్సిందే. ఇప్పుడు ఒప్పుకుంటే నిమిషం, కాదంటే పూట. తలుపు మూయలేదు, టోల్ గేటు పెట్టారంతే. ఒక చిన్న ఫ్లాగ్ కోసం లిబ్రేఆఫీస్ మొత్తం మళ్ళీ వండాలంటే, "పోనీలే, ఉండనీ" అనే అంటాం.

అయినా నేను ఈ నిర్ణయం వైపే. నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాప్ మీద క్రోమియం కంపైల్ చేయమంటే అది స్వేచ్ఛ కాదు, శిక్ష. పాత జెంటూ ఇచ్చిన ఎంపిక మంచి మెషీనూ ఖాళీ టైమూ ఉన్నవాళ్ళకే అందేది. ఈ మాట ఆ మడి కబుర్లలో వినపడదు.

ఇన్‌స్టాల్ చేసేముందు ఏమేం వస్తాయో చూపించమంటే, ఎమర్జ్ ఒక లిస్టు ఇస్తుంది. ఇక్కడ వండేవాటి పక్కన ఈబిల్డ్ అని, వండి వచ్చేవాటి పక్కన బైనరీ అని రాసి ఉంటుంది. ఎంటర్ కొట్టేముందు ఆ లిస్టుని ఒక్కో లైనూ చదువుతాను. బైనరీ అన్నచోట ఫ్లాగ్ నాకు కావాలనే ఒప్పుకున్నానా, విసుగొచ్చి ఒప్పుకున్నానా అన్నది మాత్రం అందులో రాసి ఉండదు.