తేలు కొండి ఉన్న మాటలు

'భీమాయణ' అనే బొమ్మల పుస్తకంలో మాటలన్నీ ఒకే ఆకారంలో ఉండవు. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు, కులం దెబ్బ తిన్నవాళ్ల మాటలు పిట్ట ఆకారపు బుడగల్లో ఉంటాయి. కులం పేరు చెప్పి తరిమేవాళ్ల మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. పైకి అనకుండా లోపల అనుకున్న మాటల దగ్గర ఒక కన్ను కనిపిస్తుంది. అది మనోనేత్రం. అక్షరాలు రాని పిల్లవాడి చేతికి ఈ పుస్తకం ఇచ్చినా, పేజీ తెరవగానే ఎవరి నోట్లో విషముందో వేలు పెట్టి చూపిస్తాడు.

2011లో నవయాన ప్రచురించిన ఈ పుస్తకం అంబేడ్కర్ జీవితంలోని కొన్ని అనుభవాల కథ. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేశారు. కథనం శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. అంతకు 32 ఏళ్ల ముందే, 1979లో, అమర్ చిత్ర కథ కూడా అంబేడ్కర్ మీద ఒక సంచిక తెచ్చింది. దాన్ని రాసినవారు ఎస్.ఎస్. రేగే, గీసినవారు దిలీప్ కదమ్. రెండింటిలోనూ మనిషి ఒక్కరే. కానీ రెండు పుస్తకాలూ మూసి పక్కన పెట్టాక మన మనసులో మిగిలే అంబేడ్కర్ ఒక్కరు కాదు. ఈ తేడా కథలోంచి రాలేదు, గీతలోంచి వచ్చింది.

మన పత్రికల్లో బొమ్మల కథల మీద సమీక్షలు రావడమే తక్కువ. వచ్చినా, కథంతా చెప్పి చివర 'బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి' అని ఒక్క వాక్యం అతికిస్తారు. అసలు విమర్శ మొదలుకావలసింది ఆ వాక్యం దగ్గర. బొమ్మల కథ చెప్పేవాడు ఏ పక్షాన నిలబడ్డాడో ఆ బొమ్మల్లోనే తేలుతుంది.

గడి, సందు, బుడగ

కామిక్ పేజీ చాలా కొద్ది సామగ్రితో నడుస్తుంది. బొమ్మను బంధించే గడి, రెండు గడుల మధ్య తెల్లటి సందు, పాత్రలు మాట్లాడే బుడగ, కథకుడు మాట్లాడే పెట్టె, వీటన్నిటినీ గీసే గీత. ఇంతే. కానీ ఒక్కొక్కటీ ఒక నిర్ణయం.

మొదటి గడిలో ఒకడు కర్ర ఎత్తాడు. రెండో గడిలో ఇంకొకడు నేల మీద పడి ఉన్నాడు. దెబ్బ ఏ గడిలోనూ లేదు. అది సందులో పడింది, వేసింది పాఠకుడి ఊహ. స్కాట్ మెక్‌లౌడ్ 1993లో 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' అనే పుస్తకాన్ని కామిక్స్ రూపంలోనే గీసి, ఈ సందు మహిమను వివరంగా విప్పి చెప్పారు. సినిమాలో కాలం మనల్ని లాక్కుపోతుంది. కామిక్‌లో కాలాన్ని మనమే నడుపుతాం. గడి వెడల్పైతే క్షణం సాగుతుంది, గడులు ఇరుకైతే పరుగు మొదలవుతుంది.

అందుకే విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు కథ గురించి అడిగేవాటికంటే వేరు. గడిలో ఎవరు పెద్దగా ఉన్నారు? ఎవరి ముఖం మనవైపు ఉంది, ఎవరి వీపు? అవమానం జరిగినప్పుడు మనల్ని ఎక్కడ నిలబెట్టారు, పడ్డవాడి పక్కనా, చూస్తున్న గుంపులోనా? పెట్టెలో మాట్లాడే కథకుడి గొంతు ఎవరిది? ఏది సందులోకి తోసేశారు?

ముప్పై రెండు పేజీల అచ్చు

అమర్ చిత్ర కథ స్థాపకుడు అనంత్ పాయ్ కర్ణాటకలోని కార్కళలో పుట్టారు. టైమ్స్ ఆఫ్ ఇండియాలో పనిచేస్తున్న రోజుల్లో, 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ వెనుక ఆయన ఉన్నారు. ఫాంటమ్ మన దేశపు పిల్లల్లో చాలామందికి దగ్గరైంది ఆ పుస్తకాల్లోనే. తర్వాత ఢిల్లీలో దూరదర్శన్ క్విజ్ ఒకటి చూశానని, గ్రీకు దేవతల గురించి చెప్పగలిగిన పిల్లలు రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారని ఆయన పలుమార్లు చెప్పుకున్నారు. 1967లో ఇండియా బుక్ హౌస్ ద్వారా అమర్ చిత్ర కథ మొదలైంది. మొదటి పది సంఖ్యలు పాశ్చాత్య బాలల కథలకు పోగా, మన కథల వరస పదకొండో సంఖ్య 'కృష్ణ'తో ప్రారంభమైంది.

ఆ పుస్తకాల పనితనాన్ని తక్కువ చేయడం అన్యాయం. రవివర్మ పటాలనుంచి క్యాలెండర్లకు దిగిన దేవుళ్ల రూపాన్ని, అమెరికా సాహస కామిక్స్ వేగాన్ని కలిపి, పురాణాన్ని ముప్పై రెండు పేజీల్లో బిగించారు. అందరూ ఒకేలా గీశారనుకోవడం కూడా పొరపాటు. కాస్త పరిశీలిస్తే చేతులు తెలుస్తాయి. 'కృష్ణ' గీసిన రామ్ వయీర్కర్ గీతలో సరదా కదలిక ఉంటుంది. అదే చెయ్యి తర్వాత టింకిల్‌లో సుప్పండిని గీసిందంటే ఆశ్చర్యం లేదు. ప్రతాప్ ములిక్ బొమ్మల్లో కండ, యుద్ధం, ఉద్వేగం. ఆయనే తర్వాత రాజ్ కామిక్స్‌లో నాగరాజుకు ఒళ్లిచ్చారు. 'మీరాబాయి' గీసిన యూసుఫ్ లియన్ గీత సన్నం, అలంకారం ఎక్కువ. దిలీప్ కదమ్ తర్వాత 42 సంచికల మహాభారతానికి ప్రధాన చిత్రకారుల్లో ఒకరయ్యారు. ఒక తెలుగు పిల్లవాడికి మీరాబాయి, ఒక పంజాబీ పిల్లవాడికి తెనాలి రామకృష్ణుడు పరిచయమైంది ఈ చేతుల వల్లే.

అయితే అచ్చు బలంగా ఉన్నప్పుడు అందులో పోసినదంతా ఒకే రూపానికి వస్తుంది. అమర్ చిత్ర కథలో రాజు, భక్తుడు, విప్లవకారుడు అందరూ ఒకే దారిన నడుస్తారు. బాల్యంలో ఒక మెరుపు, యౌవనంలో పరీక్ష, చివర కీర్తి. నాయకుడు తెల్లగా, తీరుగా ఉంటాడు. రాక్షసుడు నల్లగా, లావుగా, కోరమీసాలతో ఉంటాడు. ఈ రంగుల లెక్కను పరిశోధకులు చాలాకాలంగా తప్పుపడుతూనే ఉన్నారు. 'నల్లనివాడు చెడ్డవాడు' అని పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు. రాసి ఉంటే ఏ తల్లో తండ్రో ప్రశ్నించేవారు. రంగులో ఉంది కాబట్టి ప్రశ్న లేకుండా లోపలికి పోయింది. బొమ్మను విడిగా చదవాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

1979 నాటి అంబేడ్కర్ సంచికకు ఒక విలువ తప్పక ఉంది. దేవుళ్లూ రాజులూ ఉన్న అరలోకి ఆయన్ను కూడా తెచ్చి నిలబెట్టింది. ఆ అరలోంచి పుస్తకం కొనే మధ్యతరగతి ఇళ్లలోకి ఆ పేరు బొమ్మతో సహా వెళ్లింది. కానీ ఆ అచ్చుకు తనదైన పరిమితి ఉంది. దానికి ఒక నాయకుడు కావాలి, ఆయన దాటిపోయే అడ్డంకులు కావాలి. అంటరానితనం అప్పుడు ఒక మెట్టు అవుతుంది. నాయకుడు మెట్టెక్కి పైకి వెళ్లిపోతాడు, కింద మిగిలినవాళ్లు గడి బయట ఉండిపోతారు. కులం ఒక ఏర్పాటుగా కనబడకుండా, కొందరు చెడ్డవాళ్ల కసురుగా కనబడుతుంది. ఇది రాసినవారి, గీసినవారి చిత్తశుద్ధిలో లోపమని నేననను. ముప్పై రెండు పేజీల వీరగాథ అనే అచ్చే అలా అడుగుతుంది.

గడి గోడలు తీసేస్తే

'భీమాయణ' పుట్టుక నుంచి మరణం దాకా నడవదు. నీరు, నీడ, ప్రయాణం అని మూడు భాగాలు చేసుకుని, ఆ మూడూ ఒక మనిషికి ఎలా అందకుండా పోయాయో చూపిస్తుంది. ఆధారం అంబేడ్కర్ స్వయంగా రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1901లో పదేళ్ల వయసులో అన్నతో, మేనల్లుళ్లతో కలిసి తండ్రి దగ్గరకు గోరేగావ్ బయలుదేరాడు. మసూర్ స్టేషన్లో దిగాక వీళ్లు అంటరాని మహర్లని తెలిసి బండివాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు బేరం కుదిరింది. దారిపొడుగునా తినడానికి తిండి ఉంది, తాగడానికి చుక్క నీళ్లు దొరకలేదు. 1917లో కొలంబియా, లండన్ చదువుల తర్వాత బరోడా కొలువుకు వెళితే, పేరు దాచుకుని ఉన్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు తోలబోమంటే, తోలడం రాని సొంతవాళ్లు తోలిన బండి బోల్తాపడి ఆయన దెబ్బలు తిన్నారు.

ఈ కథను వ్యామ్ దంపతులు గడుల్లో పెట్టడానికి ఒప్పుకోలేదు. మనుషులను పెట్టెల్లో కుక్కితే ఊపిరాడదని, తమ బొమ్మ ఆరుబయట ఉండే బొమ్మ అని పుస్తకం చివర వాళ్లే చెప్పుకున్నారు. అందుకని గీతల చట్రాల బదులు 'దిగ్నా' వాడారు. అది గోండు ప్రధాన్ ఇళ్ల గోడల మీద, నేల మీద వేసే ముగ్గుల వంటి అలంకారం. అది పేజీలో వంపులు తిరుగుతూ ఒక సన్నివేశాన్ని ఇంకో సన్నివేశం నుంచి విడదీస్తుంది, పూర్తిగా మూసేయదు. అంటరానివాణ్ని ఊరి హద్దు బయట ఉంచిన సమాజం కథ చెప్పేటప్పుడు పేజీలో గట్టి హద్దులు లేకపోవడం సాంకేతిక నిర్ణయం మాత్రమే అనుకోలేం.

వ్యామ్‌ల బొమ్మలో వస్తువులు మనుషులతోపాటు బాధపడతాయి. దాహం వేసిన పిల్లవాడి మొండెం చేపగా మారుతుంది. రైలు పాములా సాగుతుంది. 1927లో మహాడ్ చవదార్ చెరువు దగ్గర అంబేడ్కర్ మాట్లాడుతుంటే లౌడ్‌స్పీకర్లలోంచి మాటలు నీటి జల్లులై జనం మీద కురుస్తాయి. ఈ బొమ్మ దగ్గర విమర్శకుడు ఆగి చూడాలి. అమర్ చిత్ర కథ పద్ధతిలో అయితే ఉపన్యాసం ఒక పెద్ద బుడగ అయ్యేది, పిల్లవాడు ఆ అక్షరాలు దాటి తర్వాతి గడికి పోయేవాడు. ఇక్కడ ఉపన్యాసం తడుపుతుంది. నీటి హక్కు గురించి మాట్లాడటం, నీళ్లు అందడం రెండూ ఒకే గీతలో కలిసిపోయాయి. ఇలాంటి పని గద్యం చేయలేదు, ఫోటో చేయలేదు.

పాత వృత్తి, కొత్త పేజీ

ఈ శక్తి ఎక్కడిది? వ్యామ్‌ల తెగ అయిన ప్రధానులు గోండులకు తరతరాలుగా కథలు పాడేవాళ్లు. మధ్యప్రదేశ్‌లో బానా వాయిస్తూ పాడితే, మన ఆదిలాబాద్‌లో రాజగోండుల కథలను కిక్రి వాయిస్తూ పాడతారు. గోడ మీది బొమ్మను కాగితం మీదికి, అక్కడి నుంచి ప్రదర్శనశాలలకు నడిపినవారు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. భోపాల్ భారత్ భవన్‌లో జె. స్వామినాథన్ ప్రోత్సాహంతో 1980లలో ఆయన వేసిన దారిలోనే వ్యామ్‌లు నడిచారు. కథ పాడే తెగ బొమ్మ గీస్తే, బొమ్మకు పాట లక్షణం వస్తుంది. ఒక ఘట్టం దగ్గర ఆగుతుంది, తిరిగి అందుకుంటుంది, వరస తప్పడానికి భయపడదు.

తెలంగాణలో మనకూ ఇటువంటి వారసత్వం ఉంది. చేర్యాల నకాషీలు గీసిన పటాలను విప్పుతూ కథకులు కులపురాణాలు చెప్పేవారు. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు పటం చూపించే చెప్పారు. ఎర్రటి నేల మీద అడ్డంగా సాగే వరసలు, వాటి మధ్య పూల పట్టీలు, ఘట్టం నుంచి ఘట్టానికి నడిపించే కథకుడు. బొమ్మల వరసలో కథ చదవడం మనకు విదేశీ కామిక్స్ నేర్పిన విద్య అనుకోనక్కర్లేదు. పైగా ఆ పటం ఎవరి పురాణం, ఎవరి ముందు విప్పుతున్నారు అన్న ప్రశ్న ఆ సంప్రదాయంలో మొదటి నుంచీ ఉంది. కామిక్స్ విమర్శకు మనం అరువు తెచ్చుకోవలసినది తక్కువ, గుర్తు చేసుకోవలసినది ఎక్కువ.

మెచ్చుకుని ఊరుకోకూడదు

'భీమాయణ'కూ లోపాలున్నాయి. కథంతా బస్టాపులో ఇద్దరి సంభాషణలో నడుస్తుంది. రిజర్వేషన్ల మీద గొణిగే ఒకతనికి ఒకామె అంబేడ్కర్ అనుభవాలు చెబుతుంది. ఉపాయం మంచిదే. మధ్యలో ఇప్పటి దినపత్రికల వార్తలను అతికించడం వల్ల ఇది పాత కథ కాదని కూడా తెలుస్తుంది. కానీ ఆ సంభాషణ చాలాచోట్ల పాఠంలా సాగుతుంది. బొమ్మ అప్పటికే చెప్పేసినదాన్ని బుడగ మళ్లీ చెబుతుంది. జల్లు కురిపించే లౌడ్‌స్పీకర్ గీయగలిగిన చేతులను నమ్మి, రచయితలు ఇంకొన్ని మాటలు తగ్గించుకోవలసింది. పిట్ట బుడగ, తేలు బుడగ అన్న విభజనలోనూ చిక్కుంది. నీళ్లు ఇవ్వాలని ఉండి, ఊరికి భయపడి ఇవ్వని మనిషి మాటకు ఏ ఆకారం ఇస్తారు? కులం నిలబడేది తేళ్ల వల్ల మాత్రమే కాదు, అలాంటి పిరికివాళ్ల వల్ల కూడా. ఆ మధ్య రంగం పుస్తకంలో పలచబడింది.

సృష్టికర్తల పేర్ల సంగతి కూడా విమర్శలో భాగమే. అమర్ చిత్ర కథ అంటే దేశానికంతటికీ 'అంకుల్ పాయ్' గుర్తొస్తారు. ఆ పుస్తకాల మీద పెరిగినవాళ్లలో వయీర్కర్, ములిక్, కదమ్ పేర్లు చెప్పగలిగేవాళ్లు ఎందరు? చిత్రకారుల పేర్లు లోపల అచ్చయ్యేవి, అయినా పేరు సంపాదకుడిదే అయింది. 'భీమాయణ'లో వ్యామ్‌ల పేర్లు అట్ట మీద ఉన్నాయి, తమ పద్ధతి గురించి వాళ్లు చెప్పుకోవడానికి పుస్తకంలో చోటుంది. బొమ్మ గీసినవారిని రచయితతో సమానంగా నిలబెట్టని సమీక్ష, ఎంత పొగిడినా, సగం పుస్తకాన్ని చదవనట్టే.

విమర్శకుడు చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. పేజీలో మాటలన్నీ చేత్తో మూసి చూడాలి. కథ తెలుస్తుందా అన్నది చిన్న ప్రశ్న. ఎవరి పక్షాన ఉన్నామో తెలుస్తుందా అన్నది పెద్ద ప్రశ్న. అమర్ చిత్ర కథ మొదటి ప్రశ్నకు బాగా నిలుస్తుంది, రెండో ప్రశ్న దగ్గర నాయకుడి పక్షమనే జవాబు వస్తుంది. 'భీమాయణ' మొదటి ప్రశ్న దగ్గర తడబడుతుంది, రెండో దాని దగ్గర తడబడదు.

తెలుగువాళ్లకు ఇది దూరపు చర్చ కాదు. 1985లో కారంచేడులో దళితుల మీద జరిగిన ఘోరం మంచినీళ్ల చెరువు దగ్గరి గొడవతోనే మొదలైంది. ఆ చెరువు మీద పాటలు వచ్చాయి, కవిత్వం వచ్చింది. రేపు ఎవరైనా దాన్ని బొమ్మల కథగా గీసుకొస్తే, ఇతివృత్తం గొప్పదని మెచ్చుకుని ఊరుకోవడం ఆ కథకు గౌరవం కాదు. చెరువును ఏ గట్టు మీద నిలబడి గీశారో, కడవ పట్టుకున్న మనిషికి పేజీలో ఎంత చోటిచ్చారో, ఏ దెబ్బను సందులో దాచారో అడగాలి. అలా అడిగే పాఠకులు ఉన్నారని తెలిస్తే, గీసేవాళ్లు కూడా ఆ చెరువు చుట్టూ మరోసారి తిరిగి వచ్చి గీస్తారు.