ఒకే జిల్లా, రెండు బళ్లు, ఒక డిక్కీ

హోసూరు బాగలూరు రోడ్డు మీద తెల్లవారుజామున నిలబడితే రెండు కాలాలు పక్కపక్కనే పోతుంటాయి. గులాబీ మూటలు కట్టుకుని పొగ వదులుతూ పోయే పాత మోపెడ్ ఒకటి. సద్దు లేకుండా దాన్ని దాటిపోయే విద్యుత్ స్కూటర్ ఇంకొకటి. రెండు రకాలకూ పుట్టిల్లు ఈ జిల్లాయే. టీవీఎస్ ఫిఫ్టీ 1980లో హోసూరు నుంచి వచ్చింది. ఓలా ఎస్1 ప్రో 2021లో వచ్చింది. దాని ఫ్యాక్టరీ ఉన్నది ఇదే కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో. చీరల పోచంపల్లి కాదు, ఇది వేరు.

వేగం, ఖర్చు, మైలేజీ లెక్కలు నాకు ఇక్కడ అక్కర్లేదు. నేను అడిగేది ఒక్కటే: బండి మొరాయించిన రోజు యజమాని చేతికి ఏం మిగులుతుంది?

టీవీఎస్ ఫిఫ్టీకి పెడళ్లు ఉండేవి. స్టాండు వేసి తొక్కితే ఇంజను అందుకునేది. నడిదారిలో పెట్రోలు అయిపోతే సైకిలులా తొక్కుకుంటూ బంకు దాకా పోవచ్చు. ఇద్దరు ఎక్కితే కష్టమే, ఎత్తు మీద ఇంకా కష్టం. అయినా దారంటూ ఒకటి ఉండేది. పిడి నొక్కితే ఏ తీగ బిగుస్తుందో, అది ఎక్కడికి పోతుందో కళ్లతో చూడగలిగేవాళ్లం. తెగిన తీగను ముడివేసి ఇల్లు చేరినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దాని లోటు కూడా చెప్పాలి. దానికి డిక్కీ లేదు. సరుకు తాడుతో కట్టాల్సిందే, సంతలో బండి వదిలి పక్కకు పోతే మనసంతా మూట మీదే.

ఎస్1 ప్రో ఆ బెంగ తీర్చింది. వచ్చినప్పుడు దాని డిక్కీ 36 లీటర్లు. సీటు కింద అంత చోటు చూసి నేనూ మెచ్చుకున్నాను. అయితే ఆ బండికి తాళం రంధ్రం లేదు. తెర మీద వేలు పెట్టాలి, లేదా ఫోనులో నొక్కాలి. చేతినిండా సంచులున్నవాడికి ఇది మంచి సౌకర్యమే, కాదనను. కానీ ఇలాంటి డిక్కీలో సీటు కొక్కేన్ని లాగేది చిన్న మోటారు. దానికి కరెంటు అందకపోతే సీటు రాయిలా కూర్చుంటుంది.

2023లో అదే కంపెనీ చౌకరకంగా తెచ్చిన ఎస్1 ఎక్స్‌కు మాత్రం తాళంచెవి ఇచ్చారు. నన్ను ఎక్కువగా నొప్పించేది ఇదే. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి చెవి లేదు, తక్కువ పెట్టినవాడికి ఉంది. అంటే చెవి పేదరికానికి గుర్తయింది! ఫోను, తెర, చెవి మూడూ ఒకే బండిలో ఉంటే దాని దర్జాకు ఏం తక్కువ? సెల్ఫ్ స్టార్టు వచ్చాక కూడా చాలా ఏళ్లు కిక్కును ఉంచారు. దాన్ని చూసి ఎవరూ ఆ బండిని చిన్నచూపు చూడలేదు.

ఈ జబ్బు స్కూటర్లదే కాదు. పోర్షే వాళ్ల 911, బాక్‌స్టర్ స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఇంజను వెనక, బ్యాటరీ ముందు డిక్కీలో. ముందు మూతను విద్యుత్తుతో తెరిచే మోడళ్లలో బ్యాటరీ పడుకుంటే చిక్కు మొదలవుతుంది: బ్యాటరీకి ప్రాణం పోయాలంటే మూత తెరవాలి, మూత తెరవాలంటే బ్యాటరీకి ప్రాణం ఉండాలి. ఆ కంపెనీ దీన్ని ముందే ఊహించింది. కొన్ని మోడళ్లలో డ్రైవరు కాళ్ల దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటికి లాగగల కొన ఉంటుంది. వేరే బ్యాటరీ నుంచి దానికి కరెంటు ఇస్తే మూత తెరుచుకుంటుంది. ఇంకొన్నిటిలో ముందు చక్రం వైపు తీగ దాచి ఉంటుంది. దాన్ని అందుకోవడం కష్టమని, బంపరులో లాగుడు కొక్కెం బిగించే రంధ్రం దాకా తీగను పొడిగించుకునే యజమానులూ ఉన్నారు. అంత ఖరీదైన కారుకు చివరికి దిక్కయింది ఒక తీగ!

నాదీ ఒక విద్యుత్ స్కూటరే. ఓలా వాళ్లది కాదు. వానపడే సాయంత్రం రాయకోట రోడ్డులో ఆగిపోయింది. పెద్ద బ్యాటరీలో సగానికి పైగా చార్జి ఉంది. చచ్చింది పన్నెండు ఓల్టుల చిన్న బ్యాటరీ. అది సీటు కింద. అమ్మ బీపీ మాత్రలు, నా రెయిన్‌కోటు కూడా సీటు కిందే. ఆటో ఎక్కించి బండిని మెకానిక్ దగ్గరికి చేర్చేసరికి రాత్రి తొమ్మిది.

అతను పక్క పలక విప్పి, పొడుగాటి స్క్రూడ్రైవరుతో కొక్కేన్ని తోసి సీటు లేపాడు. మర్నాడు సైకిలు బ్రేకు తీగ ఒకటి తెప్పించాడు. తీగ చివరనున్న గుండును కొక్కెం మీటలో ఇరికించి, గొట్టంతో సహా చట్రం వెంబడి కిందికి దించి, వెనక కాలిపీట దగ్గరి పలక లోపల ఉచ్చులా మడిచాడు. ఒక స్క్రూ తీస్తేనే వేలికి అందుతుంది, బయటికి కనిపించదు. దొంగకు తెలియకూడదు, నాకు చీకట్లోనూ తెలియాలి. రెండూ ఒకేచోట కుదరడమే ఈ పనిలో అసలు నేర్పు. తీగను బిగువుగా కట్టలేదు, అర అంగుళం వదులు ఉంచాడు. బిగిస్తే గతుకులో సీటు దానంతట అదే లేస్తుందట.

పెద్ద కంపెనీలో గీతలు గీసేవాళ్లకు ఇది తెలియని విద్య కాదు. తీగకు, గొట్టానికి కలిపి నేను ఇచ్చింది వంద రూపాయల లోపే.

చివర్లో చిన్న బ్యాటరీ వైరు ఊడదీసి, సీటు మూసేసి, "ఇప్పుడు నువ్వే తియ్యన్నా" అన్నాడు. స్క్రూ విప్పి, ఉచ్చులో వేలు పెట్టి లాగాను. టక్కున సీటు లేచింది. నెలకోసారి రెండు చుక్కల నూనె వెయ్యమన్నాడు. వేస్తున్నాను.