ఏ పొయ్యి మీద వండుతావమ్మా?

మా ఉత్తరాంధ్రలో ఆయాసంతో వచ్చిన ఆడమనిషిని పొగ సంగతి అడగడానికి డాక్టరు మొహమాటపడడు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లకే ఎక్కువ. అందుకని అడుగుతాం. లేదంటే కేసు షీటులో ఆ గడిలో 'లేదు' అని రాసి కింది గడికి వెళ్లిపోతాం. హౌస్ సర్జన్‌గా ఉన్న ఏడాది నేనూ అలాగే వెళ్లిపోయాను.

ఆ ఏడాదే ఒకావిడ ఆయాసంతో వచ్చి వార్డులో చేరింది. నలభై ఉంటాయేమో. కాళ్లు పొంగాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోతోంది. మెడ నరాలు ఉబ్బాయి, పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. చుట్ట లేదు, బీడీ లేదు. ఉబ్బసం అని రాశాను. మూడో రోజు రౌండ్స్‌కి వచ్చిన మా మేడం ఆ షీటు చదివి పక్కన పెట్టారు. ఆవిడ పక్కనే మంచం అంచున కూర్చుని, కొంగు అందుకుని వాసన చూశారు. తర్వాత నన్నూ చూడమన్నారు. వార్డులో చేరి మూడు రోజులైనా ఆ నేతచీరలో పొగ వాసన పోలేదు.

"ఏ పొయ్యి మీద వండుతావమ్మా?"

"కర్రల పొయ్యేనమ్మా. పదమూడో యేట అత్తోరింటికొచ్చినకాణ్ణుంచి ఆ పొయ్యి కాడే గదా."

నేను అడగని ప్రశ్న అది. షీటులో దానికి గడి లేదు. వార్డు బయటికొచ్చాక మేడం ఒక పేరు చెప్పి, లైబ్రరీకి వెళ్లి ఆవిడ రాసింది చదువుకోమన్నారు. డాక్టర్ ఎస్. పద్మావతి. మన దేశంలో గుండె జబ్బుల వైద్యం నేర్చిన తొలి మహిళ.

ఆవిడ పుట్టింది బర్మాలో, 1917లో. మనవాళ్లు రంగం అని పిలుచుకున్న రంగూన్‌లో వైద్యం చదివారు. రంగం అంటే మా వైపు ఇళ్లలో ఇప్పటికీ ఒక తడి ఉంటుంది. మా తాత అక్కడ రేవులో మూటలు మోసినవాడు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు కొండలూ అడవులూ పట్టి కాలినడకన ఇల్లు చేరాడు. అదే ఏడాది పద్మావతి తల్లితో, అక్కచెల్లెళ్లతో కోయంబత్తూరు చేరుకున్నారు. ఇంట్లో మగవాళ్లు బర్మాలోనే ఉండిపోయారు. యుద్ధం ముగిసేదాకా వాళ్లు బతికి ఉన్నారో లేదో కబురు లేదు. అలాంటి మూడేళ్లు గడిపిన మనిషి మళ్లీ పుస్తకం తెరిచి, 1949లో లండన్ వెళ్లి పై చదువు పూర్తిచేసి, అక్కణ్ణుంచి అమెరికా వెళ్లారు.

బాల్టిమోర్‌లో ఆవిడకి దొరికిన గురువు హెలెన్ టౌసిగ్. ఒళ్లు నీలంగా మారి చనిపోయే పసివాళ్లను బతికించిన ఆపరేషన్ వెనక ఉన్న ఆలోచన టౌసిగ్‌ది. ఆవిడకి చెవుడు. స్టెతస్కోపుతో వినడం కష్టమైపోతే, పిల్లల ఛాతీ మీద వేళ్లు ఆనించి గుండె చప్పుళ్లను స్పర్శతో చదవడం నేర్చుకున్నారు. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజున నా అరచెయ్యి వంక చాలాసేపు చూసుకున్నాను. ఆ తర్వాత పద్మావతి బోస్టన్‌లో పాల్ డడ్లీ వైట్ దగ్గర చేరారు. ఆ రోజుల్లో గుండె వైద్యంలో అంతకంటే పెద్ద పేరు లేదు.

1953లో ఢిల్లీ వచ్చి లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ గుండె జబ్బుల క్లినిక్, చేతి నరం గుండా సన్నటి గొట్టం పంపి గుండె లోపలి పీడనం కొలిచే లాబొరేటరీ ఏర్పాటు చేశారు. ఇక్కడే నేను ఆగి ఆలోచిస్తుంటాను. టౌసిగ్ దగ్గర పుట్టుకతో వచ్చే గుండె లోపాలు నేర్చుకున్నారు. వైట్ దగ్గర గుండె నాళాలు పూడుకుపోయే జబ్బు నేర్చుకున్నారు. తెచ్చుకున్న ఆ చదువునే ఢిల్లీలో పేపర్ల మీద పేపర్లుగా రాసుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఢిల్లీ వార్డుల్లో మంచాల మీద ఉన్నవాళ్లు వేరు. కీళ్లవాతం జ్వరంతో కవాటాలు దెబ్బతిన్న చిన్నపిల్లలు ఉన్నారు. ఉష్ణదేశాల్లో ఆ జబ్బు అరుదని పుస్తకాలు చెప్పేవి, ఆవిడ తన రోగుల్ని చూపించి కాదన్నారు. ఇంకా, కాళ్లు పొంగి, పెదాలు నల్లబడి, పొగతాగని ఆడవాళ్లు ఉన్నారు.

గుండెలో కుడివైపు కింది గదికి పుట్టుకతో తేలికపాటి పని. ఎడమ గది ఒళ్లంతటికీ రక్తం తోడిపోయాలి. కుడి గది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు. అందుకే దాని గోడ పల్చన. ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఊపిరితిత్తులు పాడై, ప్రాణవాయువు చాలక, వాటిలోని రక్తనాళాలు బిగుసుకుపోతాయి. ఆ బిగుసుకున్న నాళాల్లోకి రక్తం నెట్టీ నెట్టీ కుడి గది గోడ మందమవుతుంది, సాగుతుంది, చివరికి చేతులెత్తేస్తుంది. రక్తం వెనక్కి తన్ని మెడలో, కాలేయంలో, కాళ్లలో నిలుస్తుంది. డాక్టర్లు దీన్ని కార్ పల్మొనేల్ అంటారు. పడమటి దేశాల పుస్తకాల్లో ఇది ప్రధానంగా సిగరెట్లు తాగే మగవాళ్ల జబ్బు.

పద్మావతి, ఆవిడ సహచరుడు పాఠక్ కలిసి ఢిల్లీలో ఈ జబ్బున్న 127 మంది వివరాలు కూర్చి 1959లో అమెరికా పత్రిక సర్క్యులేషన్‌లో అచ్చువేశారు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఇంచుమించు సమానంగా వస్తోంది. మగవాళ్లలో ఎక్కువమంది పొగతాగేవాళ్లు, ఆడవాళ్లలో బహు కొద్దిమందే. పైగా ఆడవాళ్లకి మగవాళ్లకంటే చిన్న వయసులోనే ముంచుకొస్తోంది. మరి వాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరిన పొగ ఎక్కడిది? ఢిల్లీ చుట్టుపక్కల ఇళ్లలో పిడకలూ కట్టెలూ రాజేసిన పొయ్యి దగ్గరికి తీసుకెళ్లింది ఆ ప్రశ్న.

ఆ పొయ్యి ముందు కూర్చున్న ఆడదాన్ని అప్పటిదాకా చూడని డాక్టరు లేడు. ప్రతి ఒక్కరికీ ఇంట్లో అమ్మ ఉంది. వానాకాలంలో తడిసిన సరుగుడు పుల్లలు అంటుకోక, ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్లు ఎర్రబారి దగ్గుతూ వంటింట్లోంచి బయటికొచ్చే మా అమ్మను నేను వేలసార్లు చూశాను. వైద్యం చదువుకున్నాకా చూశాను. దాన్ని జబ్బుకి కారణమని రాసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. పద్మావతికి వచ్చింది. లెక్కపెట్టారు, పీడనం కొలిచారు, ప్రపంచం చదివే చోట అచ్చువేశారు. 127 ఈ రోజుల్లో చిన్న అంకె. నాకు మాత్రం వేలమందితో చేసిన ఎన్నో అధ్యయనాల కన్నా అది పెద్దది.

థీసిస్‌కి టాపిక్ ఇవ్వమని పీజీ పిల్లలు వస్తుంటారు. కొత్త మిషన్‌తో చేసేదో, కొత్త మందు మీదో కావాలంటారు. ఒక నెల ఓపీలో కూర్చుని, షీటులో ఏ గడిలోనూ ఇమడని రోగిని పట్టుకురమ్మంటాను. కొందరు నొచ్చుకుంటారు. ఇద్దరు ముగ్గురు పట్టుకొచ్చారు కూడా.

పద్మావతి ఆ తర్వాత కూడా చాలా చేశారు. 1962లో ఆలిండియా హార్ట్ ఫౌండేషన్, 1981లో ఢిల్లీలో నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్. మౌలానా ఆజాద్ కాలేజీని నడిపారు, పద్మవిభూషణ్ అందుకున్నారు, తొంభై దాటాకా రోగుల్ని చూశారు. 2020 ఆగస్టులో, 103 ఏళ్ల వయసులో, కోవిడ్‌తో వెళ్లిపోయారు.

నా బాధ వేరే ఉంది. ఆ పేపరు అచ్చయింది 1959లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా మహిళలకి గ్యాసు కనెక్షన్లిచ్చిన దీపం పథకం మొదలైంది 1999లో. దేశమంతటికీ ఉజ్వల వచ్చింది 2016లో. మధ్యలో ఎన్ని లక్షల పొయ్యిలు, ఎంతమంది కోడళ్లు! కారణం తెలియక పోయిన ప్రాణాలు వేరు. తెలిశాక కూడా పోయినవి నన్ను నిద్రపోనివ్వవు.

నా క్లినిక్‌లో కేసు షీట్లు నేనే అచ్చువేయించుకుంటాను. చుట్ట, బీడీ, మద్యం తర్వాత 'పొయ్యి' అని ఒక గడి ఉంటుంది. పోయిన మంగళవారం బొబ్బిలి దగ్గర ఊరి నుంచి ఒకావిడ ఆయాసంతో వచ్చింది. అడిగాను.

"గేసుంది బాబూ, బండ ఒకటే. మనవలొచ్చినప్పుడు దాని మీదొండుతాను. రోజూ నీళ్లూ, గంజీ మాత్రం కర్రల పొయ్యి మీదే."

రెండూ రాసుకున్నాను. తర్వాత మణికట్టు పట్టుకుని నాడి చూడబోతే, చెయ్యి చాచిన ఆవిడ కొంగు నా బల్ల మీద పడింది.